తేలే గొడవ, తేలని గొడవ

కొన్ని జంటల మధ్య ఒకే గొడవ నెలకోసారి తిరిగొస్తుంది. మాటలు కూడా దాదాపు అవే. ఒకరు "ఎప్పుడు చూసినా ఆలస్యమే" అంటారు, రెండోవారు "నేనేం చేసినా నీకు తప్పే" అంటారు. గొంతులు లేస్తాయి, తలుపులు పడతాయి, రెండు రోజులకు ఇద్దరూ మామూలైపోతారు. విషయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. దీనికి పరిష్కారం ఏమిటని వెతికేముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఇది అసలు పరిష్కారం ఉన్న గొడవేనా?

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ బృందం జంటలను ప్రయోగశాలకు పిలిచి, వాళ్లకు పడని విషయం మీదే మాట్లాడించి వీడియో తీసింది. ఆ సేపంతా గుండె వేగం కూడా కొలిచింది. కొన్నేళ్ల తర్వాత అవే జంటలను మళ్లీ కూర్చోబెడితే, చాలామంది పాత విషయాల మీదే వాదించుకుంటూ కనిపించారు. ఆ బృందం లెక్క ప్రకారం జంటల మధ్య విభేదాల్లో సుమారు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తేలనివే. సుఖంగా కలిసి ఉన్న జంటలకూ అలాంటివి ఉన్నాయి. వాళ్లు వాటితో నెట్టుకొచ్చే తీరులోనే తేడా.

కాబట్టి మందు వేసే ముందు రోగం ఏ రకమో చూడాలి. ఇక్కడ పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. స్వభావాల తేడాని నిర్ణయాలతో తేల్చేద్దామనుకుంటే మాట ఇవ్వడం, మాట తప్పడం, దెప్పిపొడవడం ఒక చక్రంలా తిరుగుతాయి. మరోవైపు, పది నిమిషాల్లో తేలిపోయే పనుల పంపకాన్ని "నీ తత్వమే అంత" అని స్వభావానికి అంటగడితే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే.

ఏ రకమో ఎలా తెలుస్తుంది

మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. ఫలానా పని ఫలానావారు వచ్చే సోమవారం నుంచి చేస్తే గొడవ ఆగిపోతుందా? ఆగిపోతుందంటే అది తేలే గొడవ. ఇదే వాదన వేరే వేరే సాకులతో, ఓసారి ప్రయాణం గురించి, ఓసారి స్నేహితుల గురించి, ఓసారి సెలవుల గురించి వస్తోందా? అయితే అడుగున వేరే తేడా ఉంది. ఇక మూడోది, విషయానికి మించిన వేడి పుడుతోందా? తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు ఒకరు ఏడ్చే దాకా వచ్చిందంటే గొడవ తువ్వాలు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

సాధారణంగా తేలని జాబితాలో ఉండేవి: ఎంత శుభ్రత చాలు, ఎంత పొదుపు చాలు, ఎంతమందితో కలవాలి, ఎంతసేపు ఒంటరిగా వదిలేయాలి, సమయం విషయంలో ఎంత కచ్చితంగా ఉండాలి, ప్రేమను ఎలా చూపాలి. ఇవి ఇద్దరు మనుషులు రెండు రకాలుగా ఉండటం వల్ల వచ్చేవి. జోడీని మార్చినా ఈ తలనొప్పి పోదు, రకం మారుతుందంతే.

మొదటి మూడు నిమిషాలు

1999లో సిబిల్ కారేర్, గాట్‌మన్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో 124 కొత్త జంటలు ఒక విభేదం మీద పదిహేను నిమిషాలు మాట్లాడాయి. ఆరేళ్ల కాలంలో ఏ జంట విడిపోయిందో చూస్తే, మొదటి మూడు నిమిషాల ధోరణిలోనే ఆ ఛాయలు కనిపించాయి. ఇలాంటి అధ్యయనాల పేరు చెప్పి "విడాకులను 90 శాతానికి పైగా కచ్చితత్వంతో ముందే చెప్పగలం" అని ప్రచారం జరిగింది. దాన్ని కాస్త తగ్గించి నమ్మడమే మంచిది. ఎవరు విడిపోయారో తెలిశాక ఆ జంటల మీదే సూత్రం కట్టి, మళ్లీ ఆ జంటల మీదే సరిచూసుకుంటే అంకె పెద్దదిగానే వస్తుందని 2001లో రిచర్డ్ హేమన్, ఎమీ స్లెప్ చూపించారు. అయినా కటువుగా మొదలైన మాట కటువుగానే ముగుస్తుందన్నది ఇద్దరు కలిసి ఉన్న ఏ ఇంట్లోనైనా కనిపించేదే.

అందుకే మొదటి వాక్యం మీద పెట్టే శ్రమ వృథా కాదు. అద్దె గడువు దాటిపోయి జరిమానా పడిందనుకుందాం. "నీకు బాధ్యత అనేదే లేదు" అని మొదలుపెడితే అవతలి మనిషికి మిగిలేది తన వ్యక్తిత్వాన్ని కాపాడుకోవడమే. అద్దె సంగతి అక్కడితో పక్కకు పోతుంది. అదే మాటను ఇలా అనొచ్చు: "అద్దె కట్టే తేదీ దాటింది, జరిమానా పడింది. నాకు కంగారుగా ఉంది. వచ్చే నెల నుంచి ఇది ఎవరు చూడాలో ఇప్పుడే అనుకుందామా?" జరిగిందేమిటి, దానివల్ల నాకేమైంది, నాకు కావాల్సిందేమిటి. ఈ మూడూ ఉంటే చాలు, తియ్యగా మాట్లాడాల్సిన పని లేదు.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందంటే, "నువ్వు స్వార్థపరుడివని నాకనిపిస్తోంది" లాంటి చోట. చివర "అనిపిస్తోంది" తగిలించినా అది నిందే. "ఎప్పుడూ", "ఒక్కనాడైనా" అనే మాటలు ఇంకా చేటు. ఆ మాట వినగానే అవతలివాళ్లు "మొన్న చేశాను కదా" అని మినహాయింపులు తవ్వడం మొదలుపెడతారు, సంభాషణ సాక్ష్యాల విచారణగా మారుతుంది. పాత చిట్టా విప్పడమూ అంతే. ఒకసారి కూర్చుంటే ఒకే విషయం.

వేళ కూడా చూసుకోవాలి. ఇంట్లో అడుగుపెట్టిన మరుక్షణం, ఇంకొకరి ముందు, నిద్ర ముంచుకొచ్చే సమయం ఏమాత్రం మంచివి కావు. నిద్ర సరిగా లేని రాత్రి మర్నాడు జంటల్లో గొడవలు పెరుగుతాయని, వాటిని చక్కబెట్టుకునే శక్తి తగ్గుతుందని ఎమీ గోర్డన్, సెరీనా చెన్ 2014లో చూపించారు. "కోపంతో పడుకోకూడదు" అన్న సలహా వినడానికి బాగుంటుంది గానీ, అర్ధరాత్రి ఒంటిగంటకు కళ్లు మూతలు పడుతుంటే తేల్చుకుందామనుకునేవాళ్లు మర్నాడు పొద్దున్న రెండు గొడవలతో లేస్తారు.

వెంటపడేవారు, తప్పుకునేవారు

జంటల గొడవల్లో అన్నిటికంటే మొండిగా పాతుకుపోయే అలవాటు ఇది. ఒకరు అడుగుతారు, నిలదీస్తారు, గదిలోంచి గదిలోకి వెంటపడతారు. రెండోవారు ముభావంగా ఉంటారు, ఫోన్ చూస్తారు, బయటికి వెళ్లిపోతారు. వెంటపడేవారు "నువ్వు మాట్లాడవు కాబట్టే నేను గొంతు పెంచాల్సి వస్తోంది" అంటే, తప్పుకునేవారు "నువ్వు గొంతు పెంచుతావు కాబట్టే నేను మాట్లాడను" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ కథను తమకు వీలైన చోటి నుంచి మొదలుపెడుతున్నారు.

భార్యలే ఎక్కువగా వెంటపడతారని, భర్తలే తప్పుకుంటారని ఒక అభిప్రాయం ఉంది. ఆండ్రూ క్రిస్టెన్‌సెన్, క్రిస్టఫర్ హీవీ 1990లో దీన్ని పరీక్షించారు. భార్య కోరే మార్పు గురించి మాట్లాడించినప్పుడు ఆ అభిప్రాయం నిజమే అనిపించింది. భర్త కోరే మార్పు గురించి మాట్లాడిస్తే తేడా చాలావరకు మాయమైంది. అంటే ఆడామగా అన్నదానికంటే మార్పు ఎవరికి కావాలన్నది ఇక్కడ బలంగా పనిచేస్తోంది. ఉన్న పరిస్థితి నచ్చినవారికి మాట్లాడటం వల్ల వచ్చేదేమీ లేదు, వాయిదా వేస్తే చాలు.

దీన్ని ఆపడానికి ఇద్దరూ తమ అలవాటుకు ఎదురు పని చేయాలి. వెంటపడేవారు ఒక్క కోరిక చెప్పి, అక్కడ ఆగాలి. అదే మాట నాలుగు రకాలుగా చెప్పకూడదు, మౌనాన్ని వెంటనే నింపకూడదు. తప్పుకునేవారు ఇప్పుడు కాదంటే ఎప్పుడో చెప్పాలి: "రేపు సాయంత్రం ఏడింటికి కూర్చుందాం." ఆ సమయానికి తనే వచ్చి కూర్చోవాలి. ఈ రెండింటిలో రెండోదే ముందు జరగడం మేలు. అవతలివారు తప్పకుండా తిరిగొస్తారన్న నమ్మకం కుదిరితే వెంటపడాల్సిన అవసరం సగం తగ్గిపోతుంది. ఆ నమ్మకం లేనప్పుడు "కాస్త ఓపిక పట్టు" అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

విరామం ఎలా తీసుకోవాలి

గొడవ మధ్యలో గుండె నిమిషానికి వందకు మించి కొట్టుకుంటోందంటే ఆ మనిషి చెవికి మాటలు చేరుతున్నాయేగానీ బుర్రకెక్కడం లేదని అర్థం. తెలుసుకోవడం తేలిక: మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెడితే ఇరవై అయిదు దాటిందా? అయితే ఆపాలి. పైకి రాయిలా కూర్చున్నవారి గుండె కూడా లోపల పరుగెడుతుండొచ్చు. మొండితనంలా కనిపించే మౌనం చాలాసార్లు ఇదే.

గాట్‌మన్ ప్రయోగశాలలో ఓసారి పరికరాలు సరిచేయాలన్న సాకుతో గొడవను ఆపి, జంటలకు పత్రికలు ఇచ్చి చదువుకోమన్నారు. గుండె వేగం తగ్గాక మళ్లీ మాట్లాడిస్తే వాళ్ల ధోరణే మారిపోయింది. ఆ అనుభవంతో సూచించే కనీస విరామం ఇరవై నిమిషాలు. శరీరం శాంతించడానికి అంత సమయం పడుతుంది, అయిదు నిమిషాలు చాలవు.

విరామానికి మూడు షరతులున్నాయి. వెళ్లేవారు తిరిగొచ్చే సమయం చెప్పి వెళ్లాలి: "ఇప్పుడు నేను సరిగా వినలేకపోతున్నాను, తొమ్మిదిన్నరకి మళ్లీ మాట్లాడుకుందాం." ఆ మధ్యలో తర్వాత ఏమనాలో కసరత్తు చేయకూడదు. నడవాలి, స్నానం చేయాలి, ఏదైనా చదవాలి. "అంత మాటంటుందా" అని నెమరువేస్తూ కూర్చుంటే గంట గడిచినా నాడి దిగదు. చెప్పిన సమయానికి విరామం అడిగినవారే ముందు మాట కలపాలి. ఇవేమీ లేకుండా తలుపు ధడేలున వేసుకుని వెళ్లిపోవడం అవతలివారికి శిక్షే అవుతుంది. అలాగే గడి పెట్టిన తలుపు అవతల నుంచి వాదించడం, పక్క గదిలోంచి మెసేజ్‌లు పంపడం విరామాన్ని చెడగొట్టే పనులు.

మెసేజ్‌ల గురించి ఇంకో మాట. రాతలో ధ్వని వినిపించదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో చేసిన ప్రయోగాల్లో తమ ఈమెయిల్‌లోని వెటకారం చదివేవారికి తెలిసిపోతుందని రాసినవాళ్లు ధీమాగా ఉన్నారు. చదివినవాళ్లు పోల్చుకున్నది బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే కొద్దిగానే మెరుగు. ఫోన్‌లో టైపు చేస్తూ గొడవ పడకూడదు, సమయం ఖరారు చేసుకోవడానికి మాత్రమే దాన్ని వాడాలి.

వినడం అనే పని

తిరిగొచ్చాక పది నిమిషాలు ఒకరు మాట్లాడతారు, రెండోవారు వింటారు. తర్వాత వంతులు మారతాయి. వినేవారి పని, విన్నది తన మాటల్లో తిరిగి చెప్పడం: "మీ స్నేహితుల ముందు నీ ఉద్యోగం గురించి జోకేసినప్పుడు నేను నీ పక్షాన లేననిపించింది, అంతేనా? ఇంకేమైనా ఉందా?" ఒప్పుకోనక్కర్లేదు, అర్థమైందని తెలిస్తే చాలు. అర్థం చేసుకున్నారన్న భావన ఉన్నప్పుడు గొడవ జరిగినా బంధం మీద సంతృప్తి తగ్గలేదని గోర్డన్, చెన్ 2016లో ప్రచురించిన పరిశోధనల్లో తేలింది.

చెడేది "అర్థమైంది, కానీ..." దగ్గర. ఆ "కానీ" ముందున్నదంతా చెరిపేస్తుంది. తన వంతు వచ్చేదాకా దాన్ని పళ్ల బిగువున ఆపుకోవాలి.

ఒప్పందం కుదిరే చోట

తేలే గొడవలకు మంచి మాటలతో పాటు ఒక స్పష్టమైన ఏర్పాటు కావాలి: ఏ పని, ఎవరు, ఎప్పటికి, ఎంతవరకు చేస్తే పూర్తయినట్టు. ముందు రెండు వారాలు పరీక్షగా పెట్టుకుని, ఆ తర్వాత కూర్చుని సవరించుకోవాలి. "ఇకమీదట సాయం చేస్తాను" అన్నది ఏర్పాటు కిందికి రాదు.

ఇంటిపని ఇందుకు మంచి ఉదాహరణ. 1979లో మైకేల్ రాస్, ఫియోరే సికోలీ భార్యాభర్తలను విడివిడిగా అడిగారు, ఈ పనిలో మీ వంతు ఎంత అని. ఇద్దరి జవాబులూ కలిపితే ఉండాల్సినదానికంటే ఎక్కువ తేలింది. ఇందులో అబద్ధమేమీ లేదు. తాను చేసిన ప్రతి పనీ తనకు గుర్తుంటుంది, అవతలివారు చేసింది కొంతే కంటపడుతుంది. కాబట్టి ఎవరెక్కువ చేస్తున్నారన్న వాదన జ్ఞాపకాల మీద ఎన్నటికీ తేలదు. ఒక వారం పాటు చేసిన పనులన్నీ ఇద్దరూ ఒకే కాగితం మీద రాయడం నయం. అందులో కంటికి కనిపించని పని కూడా చేరాలి: సబ్బు అయిపోవస్తోందని గమనించడం, డాక్టర్ దగ్గర సమయం తీసుకోవడం, పుట్టినరోజులు గుర్తుపెట్టుకోవడం.

పంచుకునేటప్పుడు పనిని ముక్కలు చేయకుండా మొదటి నుంచి చివరి దాకా ఒకరికే అప్పగించాలి. బట్టలు ఉతకడం ఒకరిదైతే బుట్ట నిండిందని గమనించడం, ఉతకడం, ఆరేయడం, మడిచి సర్దడం అన్నీ వారివే. గమనించే బాధ్యత ఒకరి దగ్గర ఉండిపోయి, చేసేది ఇంకొకరైతే గుర్తుచేయడం, విసుక్కోవడం మళ్లీ మొదలవుతాయి. అప్పగించినవారు చేయాల్సింది మరీ కష్టం: పెత్తనం వదులుకోవడం. మడత తమలా లేదని మళ్లీ విప్పి మడిస్తే, ఆ పని నెలలోపే వాళ్ల దగ్గరికే తిరిగొస్తుంది.

డబ్బు విషయంలో ఒక పరిమితి అంకె చాలా గొడవలను ఆపుతుంది. అంతకు మించిన ఖర్చయితే ముందు అడగాలి, లోపయితే అడగనక్కర్లేదు, తర్వాత లెక్కలూ చెప్పనక్కర్లేదు. ఉమ్మడి ఖర్చులకు ఇద్దరూ వేసే ఖాతా ఒకటి, ఎవరి సొంతానికి వారికి కొంత. నెలకోసారి అరగంట కూర్చుని చూసుకుంటే సరిపోతుంది. దాచిన అప్పు మాత్రం ఈ కోవలోది కాదు. దాన్ని నమ్మకం దెబ్బతిన్న వ్యవహారంగా చూడాలి, పూర్తి లెక్క బయటపెట్టాకే మిగతా మాటలు.

కుదరని చోట

ఇక తేలని గొడవ. ఒకరికి వారాంతం అంటే నలుగురిలో ఉండాలి, ఇంకొకరికి గడప దాటకూడదు. ఇద్దరూ విడివిడిగా రెండు జాబితాలు రాయాలి. ఇది లేకపోతే నేను నేనుగా ఉండలేను అన్నవి ఒకటి, సర్దుకోగలిగినవి రెండోది. మొదటి జాబితా వీలైనంత చిన్నదిగా ఉండాలి. రాసేటప్పుడు ఒకరికి తెలిసిరావచ్చు, తనకు కావాల్సింది జనం కాదు, వారమంతా ఇంటి నుంచే పనిచేశాక కాస్త బయటి గాలి అని. రెండోవారికి వద్దనిపించేది మనుషులు కాదు, ఎంతసేపుండాలో తెలియకపోవడం. అప్పుడు "నెలలో రెండు శనివారాలు కలిసి వెళదాం, తొమ్మిదింటికి నేనొచ్చేస్తాను, నువ్వు ఉండొచ్చు" అనే ఏర్పాటు సాధ్యమవుతుంది. మూడు నెలలకు దాన్ని మళ్లీ చూసుకోవాలి. తేడా పోదు. దాని గురించి చిన్నబుచ్చకుండా మాట్లాడుకోగలుగుతున్నారా, మధ్యలో ఒక నవ్వు పూస్తోందా అన్నదే ఇక్కడ కొలత.

గాట్‌మన్ పరిశోధనల నుంచి వచ్చిన 5:1 నిష్పత్తిని చాలామంది రోజుకు అయిదు పొగడ్తలని అర్థం చేసుకుంటారు. అది గొడవ నడుస్తుండగా లెక్క. నిలదొక్కుకున్న జంటల్లో వాదన మధ్యలో కూడా ఒక్క కటువు క్షణానికి సుమారు అయిదు మెత్తని క్షణాలు కనిపించాయి: తల ఊపడం, "అదీ నిజమే" అనడం, చేయి పట్టుకోవడం. ఆ బృందం అన్నిటికంటే ప్రమాదకరమని చెప్పింది తిరస్కార భావాన్ని. కళ్లు తిప్పడం, వెక్కిరించడం, అవతలివారిని తక్కువ మనిషిగా చూడటం. కోపాన్ని బంధం తట్టుకుంటుంది. దీన్ని తట్టుకోవడం కష్టం.

ఒంటరిగా చేసుకోగలిగింది కూడా ఒకటుంది. ఎలై ఫింకెల్ బృందం 120 జంటలతో రెండేళ్ల అధ్యయనం చేసింది. రెండో ఏట సగం మంది నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాలు రాశారు: ఈ మధ్య జరిగిన గొడవను, ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి చూస్తే ఎలా చెబుతారని. మొదటి ఏడాది అన్ని జంటల్లోనూ సంతృప్తి తగ్గుతూ వచ్చింది. రాసినవాళ్లలో రెండో ఏట ఆ తగ్గుదల ఆగింది. మొత్తం కలిపి ఏడాదికి 21 నిమిషాల పని.

క్షమాపణ

రాయ్ లెవికీ బృందం 2016లో క్షమాపణలోని ఆరు భాగాలను పోల్చి చూసింది. అన్నిటికంటే పనిచేసింది "తప్పు నాదే" అని బాధ్యత ఒప్పుకోవడం, తర్వాతది జరిగినదాన్ని సరిచేస్తానని ముందుకు రావడం. అన్నిటికంటే తక్కువ పనిచేసింది "నన్ను క్షమించు" అని అడగడం. నిత్యం జరిగేది దీనికి తలకిందులు. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అన్నదాంట్లో తప్పు చేసినవాళ్లు ఎక్కడా లేరు. "నీ వాళ్ల ముందు నిన్ను ఎగతాళి చేశాను, అది నా తప్పు. రేపు వాళ్లకు ఫోన్ చేసి నేనే చెబుతాను" అన్నదాంట్లో చేసినదీ, చేయబోయేదీ రెండూ ఉన్నాయి. ఆ తర్వాత వెంటనే నవ్వాలని పట్టుబట్టకూడదు. అలక తీరడానికి పట్టే సమయం అవతలివారి చేతిలో ఉంటుంది.

ఈ పద్ధతులు వాడకూడని చోటు

ఇవన్నీ ఇద్దరూ నిర్భయంగా మాట్లాడగల బంధాలకు మాత్రమే. కొట్టడం, బెదిరించడం, డబ్బు చేతికందనివ్వకపోవడం, ఎవరితో మాట్లాడాలో శాసించడం, ఫోన్ మీద కాపలా, ఇష్టం లేకుండా తాకడం ఉన్నచోట ఉన్నది గొడవ కాదు, హింస. అక్కడ మెత్తగా మొదలుపెట్టు, నీ వంతు ఒప్పుకో అన్న సలహాలు బాధితుల మీద భారం పెంచుతాయి. అలాంటివారికి ముందు కావాల్సింది భద్రత, నమ్మకమైన మనుషులు, చట్ట సహాయం. కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లి అక్కడ నిజం చెబితే ఇంటికొచ్చాక దానికి మూల్యం చెల్లించాల్సి రావచ్చు.

భయం లేదు గానీ ఇద్దరి వల్లా కావడం లేదనుకుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం సబబు. క్రిస్టెన్‌సెన్, నీల్ జేకబ్‌సన్ రూపొందించిన పద్ధతి, మార్పుతో పాటు తేడాలను అంగీకరించడం నేర్పుతుంది. తీవ్రంగా దెబ్బతిన్న 134 జంటల మీద దాన్ని పాత పద్ధతితో పోల్చి పరీక్షించారు. ఒక్కో జంటకు గరిష్ఠంగా 26 సెషన్లు ఇచ్చారు. అయిదేళ్ల తర్వాత చూస్తే రెండు పద్ధతుల్లోనూ సుమారు సగం జంటలు గణనీయంగా మెరుగుపడ్డాయి, పావువంతుకు పైగా విడిపోయాయి. ఆ పద్ధతిలో మొదటి సెషన్‌కి ఇద్దరూ కలిసి వెళతారు, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు, నాలుగోసారి ఇద్దరినీ కూర్చోబెట్టి ఏం గమనించారో చెబుతారు. విడిగా మాట్లాడే సెషన్లోనే భయం, హింస గురించి నేరుగా అడుగుతారు. ఇద్దరితో విడివిడిగా ఒక్కసారి కూడా మాట్లాడకుండానే సలహాలు మొదలుపెట్టే కౌన్సెలర్ అయితే, ఆ సెషన్ కావాలని జంటే అడగొచ్చు.